వాడుకరి ఖాతా పేరు మార్పు – లాగిన్ సమస్యలు

కంప్యూటరులో ఒక వ్యక్తి పేరున ఏర్పాటు చేసిన స్థానాన్ని వాడుకరి ఖాతా లేదా యూజర్ అకౌంట్ అంటారు. ఆ ఖాతాకు మొదట పెట్టిన పేరును తీసి మరొక పేరు పెట్టడమే ఖాతా పేరు మార్పు. పేరు మార్చిన తరువాత కొందరికి కంప్యూటరులోనికి ప్రవేశించడం, అనగా లాగిన్ కావడం, సాధ్యపడదు. మరికొందరికి ప్రవేశం లభించినా తమ ఫైళ్ళు ఒక్కటి కూడా కనబడవు. ఈ రెండు సందర్భాలలోను ఫైళ్ళు సాధారణంగా డిస్కులో భద్రంగానే ఉంటాయి. ఖాతా పేరు, ఆ ఖాతాను కంప్యూటరు గుర్తుపట్టే సంఖ్య, ఫైళ్ళు ఉన్న ఫోల్డరు, ఈ మూడింటి మధ్య పొంతన తప్పడమే సమస్యకు మూలం. పేరు మార్పు వలన జరిగే నష్టం కంటే, ఆ తరువాత కంగారులో పాత ఖాతాను తొలగించడం వలన జరిగే నష్టం చాలా ఎక్కువ.

పేరు మార్చవలసిన సందర్భాలు

కంప్యూటరును అమ్మిన దుకాణంవారే చాలాసార్లు మొదటి ఖాతాను తయారుచేసి ఇస్తారు. దానికి యూజర్, అడ్మిన్, ఓనర్ వంటి పేర్లు ఉంటాయి. కొన్నాళ్ళకు ఇంటివారు దానికి తమ పేరు పెట్టుకోవాలనుకుంటారు. వివాహానంతరం ఇంటిపేరు మారడం, పేరు వ్రాసే వర్ణక్రమం మార్చుకోవడం, విద్యార్థి చదువు ముగించి వెళ్ళగా ఆ కంప్యూటరు తమ్ముడికో చెల్లెలికో రావడం వంటివి ఇతర కారణాలు.

వ్యాపార స్థలాలలో ఇది మరింత తరచుగా జరుగుతుంది. ఉదాహరణకు వరంగల్ నగరంలోని కాశిబుగ్గలో ఒక అడ్తి దుకాణం ఉన్నదనుకుందాం. అక్కడి కంప్యూటరులో మిర్చి, పత్తి కొనుగోళ్ళ లెక్కలు ఉన్నాయి. పాత గుమస్తా మానివేయగా, యజమాని అదే ఖాతాకు కొత్త గుమస్తా పేరు పెట్టాడు. మరునాడు ఉదయం కంప్యూటరు తెరవగానే తెర ఖాళీగా కనిపించింది. ఏడాది లెక్కలు పోయాయని యజమాని భయపడటం సహజం. కాని ఆ లెక్కలు ఎక్కడికీ పోలేదు. అవి ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవాలంటే కంప్యూటరు మనిషిని ఎలా గుర్తుపడుతుందో ముందుగా తెలుసుకోవాలి.

పేరు వేరు, గుర్తింపు వేరు

కాశిబుగ్గ అనే పేరుతో వరంగల్‌లో ఒక ప్రాంతం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో పలాసకు ఆనుకొని మరొక కాశీబుగ్గ ఉంది. పేరు ఒకటే అయినా ఊళ్ళు వేరు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా వరంగల్‌లోనే దొరుకుతుంది. 2016లో పూర్వపు వరంగల్ జిల్లాను విభజించినప్పుడు ఏర్పడిన జిల్లాలలో వరంగల్ అర్బన్, వరంగల్ గ్రామీణ జిల్లాలు రెండు. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హన్మకొండ జిల్లాగాను, గ్రామీణ జిల్లా వరంగల్ జిల్లాగాను మారాయి. అప్పుడు కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. 2015 నాటి కాగితంలోని వరంగల్ జిల్లా, నేటి వరంగల్ జిల్లా ఒకటి కావు. పేరును మాత్రమే నమ్ముకొని వెదికేవారు పొరబడే అవకాశం ఉంది.

కంప్యూటరు ఈ చిక్కును తప్పించుకోవడానికి ప్రతి ఖాతాకు పేరుతో పాటు ఒక సంఖ్యను కూడా కేటాయిస్తుంది. ఏ ఫైలు ఎవరిది, ఎవరు దానిని తెరవవచ్చు అనే విషయాలను పేరుతో కాక ఈ సంఖ్యతోనే నమోదు చేసుకుంటుంది. ఒక ఖాతాకు సంబంధించి నాలుగు వేర్వేరు అంశాలు ఉంటాయి.

1. ప్రవేశ నామం: లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటరు సరిచూసే పేరు.
2. పూర్తి పేరు: తెర మీద అందంగా కనబడేందుకు వాడే పేరు. ఇది ప్రవేశ నామం కానక్కరలేదు.
3. గుర్తింపు సంఖ్య: ఖాతాను సృష్టించినప్పుడు ఇచ్చే సంఖ్య. పేరు మార్చినా ఇది మారదు.
4. గృహ ఫోల్డరు: ఆ వాడుకరి ఫైళ్ళు, అమరికలు ఉండే ఫోల్డరు. ఖాతాను సృష్టించిన నాటి పేరే సాధారణంగా దీనికి ఉంటుంది.

పేరు మార్పు అనే ఒక్క మాట వెనుక ఈ నాలుగింటిలో ఏది మారింది, ఏది మారలేదు అన్నదే అసలు ప్రశ్న. సమస్యలన్నీ ఇక్కడి నుండే పుడతాయి.

లక్షణాలు, కారణాలు

ప్రవేశ సమస్య ఎదురైనప్పుడు ముందుగా దాని లక్షణాన్ని గమనించాలి. లక్షణాన్ని బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు.

* పేరు లేదా సంకేతపదం తప్పు అని వస్తే: కొత్త పేరు పెట్టినా పాత పేరుతో, లేదా పూర్తి పేరు మాత్రమే మారగా దానినే ప్రవేశ నామమనుకొని ప్రయత్నిస్తూ ఉండవచ్చు. పేరు మార్చినంత మాత్రాన సంకేతపదం, అనగా పాస్‌వర్డు, మారదు. పాతదే పనిచేయాలి.
* ప్రవేశం లభించి తెర ఖాళీగా కనబడితే: కంప్యూటరు గృహ ఫోల్డరును కనుగొనలేక తాత్కాలికమైన లేదా కొత్తదైన ఫోల్డరును తెరచి ఉండవచ్చు.
* సంకేతపదం సరిగా ఇచ్చినా మళ్ళీ లాగిన్ తెరకే తిరిగి వస్తే: గృహ ఫోల్డరు చిరునామా తప్పి ఉండవచ్చు, లేదా దానిలో వ్రాసే హక్కు ఆ ఖాతాకు లేకపోవచ్చు.
* ఈ కంప్యూటరులో ప్రవేశం లభించి, పక్క కంప్యూటరులోని ఉమ్మడి ఫోల్డరు మాత్రం తెరుచుకోకపోతే: పక్క కంప్యూటరు వద్ద పాత పేరే నమోదై ఉండవచ్చు.

విండోస్‌లో

విండోస్‌లో గుర్తింపు సంఖ్యను ఎస్‌ఐడీ అంటారు. అది అడ్డగీతలతో విడదీసిన పొడవైన సంఖ్యల వరుస. దానిలో చివరి భాగం ఖాతాకు ప్రత్యేకమైనది. విండోస్‌తో పాటే వచ్చే అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు ఆ చివరి భాగం 500, గెస్ట్ ఖాతాకు 501. మనం సృష్టించుకొనే ఖాతాలకు 1000 నుండి మొదలవుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో ఖాతా పేరు మార్చే సౌకర్యం ఉంది. ఎక్కువమంది వాడేది ఇదే. అయితే కంప్యూటరుకు మాత్రమే పరిమితమైన స్థానిక ఖాతాలో ఇది పూర్తి పేరును మాత్రమే మారుస్తుంది. ప్రవేశ నామం పాతదే ఉంటుంది. లాగిన్ తెర మీద బొమ్మను నొక్కి ప్రవేశించేవారికి ఈ తేడా తెలియదు. ఇంకొక కంప్యూటరు నుండి నెట్‌వర్కు ద్వారా పేరు టైపు చేసి ప్రవేశించవలసి వచ్చినప్పుడు కొత్త పేరు పనిచేయదు, పాత పేరే పనిచేస్తుంది. ప్రస్తుతం ఏ పేరుతో లోపల ఉన్నామో తెలుసుకోవడానికి ఆదేశాల తెరలో హూయామ్‌ఐ అనే ఆదేశం ఉపయోగపడుతుంది. ప్రవేశ నామాన్నే మార్చాలంటే యూజర్ అకౌంట్స్ అనే విడి కిటికీని నెట్‌ప్లవిజ్ అనే ఆదేశంతో తెరచి అక్కడ మార్చాలి. విండోస్ ప్రొఫెషనల్ ప్రతులలో లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ అనే మరొక సాధనం కూడా ఉంటుంది. హోమ్ ప్రతులలో అది ఉండదు.

ఏ మార్గంలో మార్చినా గృహ ఫోల్డరు పేరు మారదు. విండోస్ ఎక్స్‌పీలో ఈ ఫోల్డర్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లోపల ఉండేవి. 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చిన విస్టా నుండి యూజర్స్ అనే ఫోల్డరులో ఉంటున్నాయి. పాత గుమస్తా పేరుతోనే ఫోల్డరు కొనసాగడం తప్పు కాదు. అది అలా ఉన్నంతవరకు సమస్య రాదు. కొత్త పేరుకు తగినట్లుగా ఉండాలని ఆ ఫోల్డరు పేరును కూడా చేతితో మార్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఏ ఎస్‌ఐడీకి ఏ ఫోల్డరు అన్న సంగతిని విండోస్ తన రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అనే చోట వ్రాసుకొని ఉంటుంది. అక్కడ పాత చిరునామా ఉండి, డిస్కులో ఆ పేరుగల ఫోల్డరు లేకపోతే, విండోస్‌కు వాడుకరి వస్తువులు దొరకవు. అడ్తి దుకాణంలో జరిగినదీ ఇదే. యజమాని ఖాతా పేరుతో పాటు ఫోల్డరు పేరును కూడా మార్చివేశాడు.

ఇటువంటప్పుడు విండోస్ తాత్కాలిక ప్రొఫైల్‌తో లోనికి పంపవచ్చు. మీ ఖాతాలోనికి ప్రవేశించలేకపోతున్నాము అనే అర్థం వచ్చే హెచ్చరిక కనబడుతుంది. ఈ స్థితిలో ఏ పనీ చేయరాదు. తాత్కాలిక ప్రొఫైల్‌లో భద్రపరచినవి లాగౌట్ కాగానే చెరిగిపోతాయి. కొత్త గుమస్తా ఆ రోజు కొనుగోళ్ళను అక్కడే ఎక్కించి డెస్క్‌టాప్ మీద దాచితే సాయంత్రానికి ఆ శ్రమ నిజంగానే పోతుంది.

పరిష్కారక్రమం ఇది.

1. లాగౌట్ చేసి, కంప్యూటరును ఒకసారి పూర్తిగా ఆపి తిరిగి ప్రారంభించాలి. మరొక ప్రోగ్రాము ప్రొఫైల్ ఫైలును పట్టి ఉంచడం వలన కూడా తాత్కాలిక ప్రొఫైల్ రావచ్చు. అటువంటిదైతే ఇంతటితోనే సరిపోతుంది.
2. నిర్వాహక హక్కులున్న మరొక ఖాతాతో ప్రవేశించి యూజర్స్ ఫోల్డరులో పాత ఫైళ్ళు ఉన్నవో లేవో చూడాలి. ఉంటే ముందుగా వాటి నకలును బయటి డిస్కులోనికి తీసుకోవాలి.
3. ఫోల్డరు పేరును చేతితో మార్చి ఉంటే, తిరిగి పాత పేరే పెట్టాలి. అన్నిటికంటే సులువైన, ప్రమాదం లేని మార్గం ఇదే.
4. అప్పటికీ సరికాకపోతే ప్రొఫైల్‌లిస్ట్‌లో ఆ ఎస్‌ఐడీకి ఎదురుగా ఉన్న ఫోల్డరు చిరునామాను పరిశీలించాలి. కొన్నిసార్లు అదే ఎస్‌ఐడీ రెండుసార్లు, ఒకదాని చివర డాట్ బాక్ అనే తోకతో, కనబడుతుంది. తోక ఉన్నది అసలు ప్రొఫైల్. రిజిస్ట్రీ నకలు తీసుకోకుండా వీటిని మార్చరాదు. అనుభవం లేనివారు ఇక్కడ తెలిసినవారి సహాయం తీసుకోవడం మంచిది.

నిర్వాహక హక్కులున్న రెండవ ఖాతా లేకపోతే పని కష్టమవుతుంది. విస్టా నుండి అడ్మినిస్ట్రేటర్ ఖాతాను విండోస్ మామూలుగా నిద్రాణస్థితిలో ఉంచుతుంది. అప్పుడు సేఫ్ మోడ్ లేదా రికవరీ తెర ద్వారా ప్రయత్నించవలసి వస్తుంది. డిస్కును బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే రికవరీ తెర 48 అంకెల రికవరీ కీని అడగవచ్చు. దానిని ముందుగానే వ్రాసి పెట్టుకోవాలి.

విండోస్‌లో పేరు మార్పు వలన కలిగే ఇతర చిక్కులు మూడు ఉన్నాయి. సంకేతపదం అడగకుండా తనంతట తాను ప్రవేశించేలా అమర్చిన కంప్యూటరు పాత పేరుతోనే ప్రయత్నించి విఫలమవుతుంది. ఆ అమరికను కొత్త పేరుతో మళ్ళీ చేయాలి. ఫలానా ఖాతా పేరుతో నడవాలని నిర్దేశించిన సర్వీసులు ఆగిపోతాయి. వాటిలో కూడా పేరు సవరించాలి. పక్క కంప్యూటరులోనికి వెళ్ళేందుకు దాచిపెట్టిన పాత పేరు, సంకేతపదాలను క్రెడెన్షియల్ మేనేజర్ నుండి తొలగించి కొత్తవి ఇవ్వాలి.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించే కంప్యూటర్లలో తెర మీది పేరు ఆ ఖాతా నుండి వస్తుంది. కనుక దానిని మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైటులోనే మార్చుకోవాలి. ఇటువంటి కంప్యూటర్లలో గృహ ఫోల్డరు పేరు సాధారణంగా ఈ-మెయిలు చిరునామాలోని మొదటి ఐదు అక్షరాలతో ఏర్పడుతుంది. ఫోల్డరు పేరు సగంలో తెగినట్లుగా కనబడటానికి కారణం ఇదే.

లినక్స్‌లో

లినక్స్‌లో గుర్తింపు సంఖ్యను యూఐడీ అంటారు. సర్వాధికారాలు గల రూట్ ఖాతా సంఖ్య సున్నా. సాధారణ వాడుకరుల సంఖ్యలు నేటి లినక్స్ పంపిణీలలో ఎక్కువగా 1000 నుండి మొదలవుతాయి. ఖాతాల జాబితా పాస్‌వడ్ అనే ఫైలులో ఉంటుంది. దానిలో ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క పంక్తి, ప్రతి పంక్తిలో ఏడు గడులు. ప్రవేశ నామం, యూఐడీ, పూర్తి పేరు, గృహ ఫోల్డరు చిరునామా వేర్వేరు గడులలో ఉంటాయి. సంకేతపదం మాత్రం గుప్తరూపంలో షాడో అనే వేరొక ఫైలులో ఉంటుంది. ఖాతా అంటే నాలుగు విడివిడి అంశాల కూడిక అన్న సంగతి విద్యార్థులకు ఈ ఫైలును చూస్తే చక్కగా బోధపడుతుంది.

పేరు మార్చడానికి యూజర్‌మోడ్ అనే ఆదేశం ఉంది. ప్రవేశ నామం మార్చమని చెబితే ఇది గృహ ఫోల్డరును తరలించదు. ఫోల్డరును కూడా తరలించాలంటే అదే ఆదేశానికి విడిగా ఆ సంగతి చెప్పాలి. వాడుకరి పేరుతోనే ఉన్న సమూహం పేరును మార్చడానికి గ్రూప్‌మోడ్ అనే మరొక ఆదేశం వాడాలి. ఏ ఖాతా పేరు మారుస్తున్నామో ఆ ఖాతాతో లోపల ఉండి ఈ పని చేయరాదు. ఆ ఖాతా వాడుకలో ఉన్నదని చెప్పి ఆదేశం నిరాకరిస్తుంది.

ఫోల్డరు పేరును మాత్రమే మార్చి, పాస్‌వడ్ ఫైలులో చిరునామా మార్చకపోతే, బొమ్మల తెరలో సంకేతపదం ఇచ్చిన వెంటనే తిరిగి లాగిన్ తెరకే రావడం జరుగుతుంది. అప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు ఎఫ్3 మీటను నొక్కి అక్షరాల తెరకు వెళ్ళి, అక్కడ ప్రవేశించి చూడాలి. గృహ ఫోల్డరు లేదని అక్కడ స్పష్టంగా తెలియజేస్తుంది. ఆ తెర కూడా రానిచోట కంప్యూటరు ప్రారంభంలో రికవరీ మోడ్‌ను ఎంచుకొని రూట్‌గా ప్రవేశించి, చిరునామాను సరిచేయాలి.

పేరు మార్చిన తరువాత నిర్వాహక పనులు చేయలేకపోవడం మరొక సమస్య. ఎవరికి నిర్వాహక హక్కులు ఇవ్వాలో తెలిపే సుడోయర్స్ ఫైలులో పాత పేరు వ్రాసి ఉంటే, కొత్త పేరుకు ఆ హక్కు వర్తించదు. సమయానుసారంగా తనంతట తాను పని చేయించే క్రాన్ పట్టికలు, తనంతట తాను ప్రవేశించే అమరికలు కూడా పాత పేరుతోనే ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా సవరించాలి.

మాక్ కంప్యూటర్లలో

ఆపిల్ సంస్థ మాక్ కంప్యూటర్లలో మొదటి సాధారణ వాడుకరి సంఖ్య 501. ఇక్కడ పూర్తి పేరును మార్చడం సులువు, దాని వలన ఇబ్బంది ఉండదు. ఖాతా పేరును మార్చినప్పుడు మాత్రం గృహ ఫోల్డరు పేరు, ఖాతా అమరికలలో ఉన్న ఫోల్డరు చిరునామా, ఖాతా పేరు మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఈ మార్పును నిర్వాహక హక్కులున్న మరొక ఖాతా నుండి చేయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఖాళీ డెస్క్‌టాప్ ఎదురు కావచ్చు. అప్పుడు కూడా పాత ఫోల్డరు యూజర్స్ లోపల ఉంటుంది. పేర్లను తిరిగి పూర్వస్థితికి తెచ్చి, కంప్యూటరును మళ్ళీ ప్రారంభిస్తే సరిపోతుంది.

తెలుగు పేర్లతో వచ్చే ప్రత్యేక సమస్యలు

విండోస్‌లో ఖాతా పేరును తెలుగు లిపిలో కూడా పెట్టవచ్చు. అయితే స్థానిక ప్రవేశ నామం 20 సంకేతాలకు మించరాదు. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటీ ఒక్కొక్క సంకేతమే. లక్ష్మీనరసింహాచార్యులు అనే పేరును మనం తొమ్మిది అక్షరాలుగా చదువుతాము. కంప్యూటరు లెక్కలో అది 22 సంకేతాలు. కనుక ఆ పేరు పట్టదు. లినక్స్‌లో ప్రవేశ నామాన్ని సాధారణంగా చిన్న బడి ఆంగ్ల అక్షరాలతోనే పెట్టాలి. తెలుగు పేరును పూర్తి పేరు గడిలో వ్రాసుకోవచ్చు.

రెండవ సమస్య ఒకేలా కనబడే పేర్లది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా వ్రాయవచ్చు, ఎత్వము, దాని క్రింది గుర్తు అని రెండు సంకేతాలుగా కూడా వ్రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పొల్లు తరువాత అక్షరాలు కలిసిపోకుండా ఉంచే, కంటికి కనబడని సంకేతం ఒకటి ఉంది. పేరు మార్చేటప్పుడు అది చేరి, లాగిన్ సమయంలో చేరకపోతే, కంప్యూటరుకు అవి వేర్వేరు పేర్లు కావచ్చు.

మూడవది కీబోర్డు భాష. లాగిన్ తెర వద్ద తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంపికై ఉంటే, ఆంగ్లంలో పెట్టుకున్న సంకేతపదానికి బదులు తెలుగు అక్షరాలు పడతాయి. తెర మీద చుక్కలు మాత్రమే కనబడతాయి కనుక పొరపాటు తెలియదు. పేరు మార్చడం వల్లనే సంకేతపదం చెడిపోయిందని వాడుకరి అనుకుంటాడు. లాగిన్ తెర మూలన ఉన్న భాష గుర్తును, క్యాప్స్ లాక్ దీపాన్ని ముందుగా చూడటం వలన ఎంతో శ్రమ తప్పుతుంది.

ఈ కారణాల వలన ప్రవేశ నామాన్ని పొట్టిగా, ఖాళీలు లేకుండా ఆంగ్ల అక్షరాలలో ఉంచుకొని, తెర మీద కనబడే పూర్తి పేరును తెలుగులో పెట్టుకోవడం ఉత్తమం.

తెలుగు వికీపీడియాలో పేరు మార్పులు

ఇదే సూత్రం వెబ్‌సైటుల ఖాతాలకు కూడా వర్తిస్తుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైంది. తొలినాళ్ళలో ప్రతి భాషా వికీలో విడిగా ఖాతా తెరవవలసి వచ్చేది. అందువలన ఒకే పేరు తెలుగు వికీలో ఒకరికి, ఆంగ్ల వికీలో మరొకరికి ఉండే వీలుండేది. అన్ని వికీలకు కలిపి ఒకే ఖాతా అనే పద్ధతి 2008 నుండి అందుబాటులోకి వచ్చింది. మిగిలిపోయిన పేర్ల ఘర్షణలను వికీమీడియా ఫౌండేషన్ 2015 ఏప్రిల్‌లో పరిష్కరించింది. పేరు మీద హక్కు మరొకరికి దక్కినప్పుడు, తెలుగు వికీలోని ఖాతా పేరు చివర ఒక అలగీతను, టీఈవికీ అనే సంకేతాన్ని చేర్చారు.

అలా పేరు మారిన వాడుకరికి ఖాతా పోలేదు. చేసిన మార్పులన్నీ కొత్త పేరు క్రిందనే కనబడతాయి. కొత్త పేరును, పాత సంకేతపదాన్ని వాడి ప్రవేశించాలి. విహారిణిలో దాచుకున్న పాత పేరు తనంతట తాను గడిలో చేరడం ఇక్కడ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. ఈ సంగతి తెలియక మరొక కొత్త ఖాతా తెరిస్తే, ఏళ్ళ తరబడి చేసిన కృషి ఒక పేరున, ఆ తరువాతది మరొక పేరున ఉండిపోతుంది.

చేయకూడని పనులు

* పాత పేరుతో కొత్త ఖాతా సృష్టించి, అది పాత ఖాతాయే అవుతుందని భావించరాదు. పేరు ఒకటే అయినా గుర్తింపు సంఖ్య వేరు. పాత ఫైళ్ళ మీద ఆ ఖాతాకు హక్కు రాదు. కాశిబుగ్గ అనే పేరున్నంత మాత్రాన పలాస చిరునామా గల ఉత్తరం వరంగల్‌కు చెందనట్లే ఇది.
* పనిచేయడం లేదని పాత ఖాతాను తొలగించరాదు. తొలగించేటప్పుడు ఫైళ్ళను కూడా తీసివేయమంటారా అన్న ప్రశ్నకు తొందరలో అవునని నొక్కితే, నకలు లేనివారికి అవి తిరిగి దొరకడం కష్టం.
* విండోస్ స్థానిక ఖాతా సంకేతపదాన్ని నిర్వాహక ఖాతా నుండి బలవంతంగా మార్చడం చివరి మార్గంగానే ఉండాలి. అలా మార్చితే ఆ వాడుకరి గుప్తలిపిలో దాచుకున్న ఫైళ్ళు, భద్రపరచిన సంకేతపదాలు తెరుచుకోకపోవచ్చు. పాత సంకేతపదం తెలిసి, వాడుకరి తానే మార్చుకుంటే ఈ నష్టం ఉండదు.
* సమస్య తెలియకుండా విండోస్‌ను తిరిగి స్థాపించరాదు. రెండు నిమిషాలలో ఫోల్డరు పేరు సరిచేస్తే పోయే సమస్యకు డిస్కు మొత్తాన్ని చెరిపివేయడం తగదు.

ముందు జాగ్రత్తలు

పేరు మార్చే ముందు ముఖ్యమైన ఫైళ్ళ నకలును పెన్‌డ్రైవు వంటి బయటి సాధనంలో దాచాలి. నిర్వాహక హక్కులున్న రెండవ ఖాతాను సృష్టించి, దానితో ఒకసారి ప్రవేశించి చూడాలి. పాత పేరు, కొత్త పేరు, గృహ ఫోల్డరు పేరు ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. పేరు మార్చిన వెంటనే కంప్యూటరును మళ్ళీ ప్రారంభించి, ప్రవేశం, ఫైళ్ళు, ముద్రణ, నెట్‌వర్కు ఒక్కొక్కటిగా పరీక్షించాలి. అన్నీ సరిగా ఉన్నాయని రూఢి అయ్యేవరకు దేనినీ తొలగించరాదు.

పేరు మార్చడమే అవసరమా అని కూడా ఆలోచించాలి. తెర మీద కనబడే పేరు మారితే చాలుననుకొనేవారు పూర్తి పేరును మాత్రం మార్చుకుంటే సరిపోతుంది. మనిషే మారినప్పుడు, అడ్తి దుకాణంలో వలె ఒక గుమస్తా స్థానంలో మరొకరు వచ్చినప్పుడు, కొత్త మనిషికి కొత్త ఖాతా తెరచి, లెక్కల ఫైళ్ళను అందరికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డరులోనికి మార్చడం సరైన పద్ధతి. పాత ఖాతాను తొలగించకుండా కొంతకాలం నిలిపివేసి ఉంచవచ్చు. అప్పుడు ఎవరు ఏ లెక్క వ్రాశారో స్పష్టంగా ఉంటుంది, మానివేసిన వ్యక్తి దాచిన సంకేతపదాలు కొత్తవారి చేతికి పోవు.